కౌంటర్ ముందు స్టూలు: పాఠకుల ప్రశ్నలు, నా జవాబులు

కిందటి సంచికలో న్యూజెర్సీ డైనర్ల గురించి, అంటే రోడ్ల పక్కన పొద్దస్తమానం తెరిచి ఉండే చిన్న అమెరికన్ హోటళ్ళ గురించి, రాసినదానికి ఉత్తరాలు బాగానే వచ్చాయి. ఒకాయనైతే "సాండ్‌విచ్చులూ బర్గర్లూ తిని రాయడం కూడా ఒక పనేనా" అని అడిగారు. పని కాదండీ, శనివారాలు గడవడానికి ఒక సాకు. మిగతా ప్రశ్నల్లో కొన్నిటికి ఇక్కడ జవాబు చెబుతాను. ముందుగా ఒక మనవి. ఈ పేజీలో "పై" అని కనిపిస్తే చాలావరకు అది తినే పై, పిండి పొరలో పండో క్రీమో నింపి ఓవెన్‌లో కాల్చేది. కిందటిసారి "పైన చెప్పిన పై" అని రాసి పంపితే ఎడిటర్ గారు ఫోన్ చేసి మరీ నవ్వారు.

ప్ర: మా ఇంటికి దగ్గర్లో ఒక చిన్న డైనర్ ఉంది. మిమ్మల్ని చూసి నేనూ రివ్యూలు రాద్దామనుకుంటున్నాను. మొదటిసారి వెళ్ళినప్పుడు ఏం ఆర్డర్ చేయాలి? ఒక్కసారి తిని రాసేస్తే చాలా?
— ఎడిసన్ నుంచి ఒక పాఠకురాలు

చాలదమ్మా. ఎందుకు చాలదో నేను చేసిన తప్పుతోనే చెబుతాను. చాలా ఏళ్ళ కిందట ఒక చిన్న డైనర్‌కి, పేరు వద్దులే, సోమవారం సాయంత్రం వెళ్ళాను. చెర్రీ పై తెప్పించుకున్నాను. అడుగు పొర తడిసిన అట్టముక్కలా ఉంది. ఇంటికి రాగానే "పై కోసమైతే వెళ్ళకండి" అని రాసి పంపించేశాను. అచ్చయింది కూడా. రెండు నెలల తరవాత ఒక శనివారం పొద్దున అటుగా వెళ్తూ కాఫీకని ఆగాను. ఎదురుగా అద్దాల అరలో అదే చెర్రీ పై. చూసి ఊరుకోలేక ఒక ముక్క చెప్పాను. ఫోర్కు ఆనించగానే అంచు పెళుక్కున విరిగింది. వెయిట్రెస్‌ని అడిగితే, పైలు చేసే ఆవిడ గురువారం, శనివారం మాత్రమే వస్తుందని చెప్పింది. అంటే ఆ సోమవారం నాకు పెట్టింది శనివారం మిగిలిన ముక్క.

తప్పు వాళ్ళది కాదా అంటే, కొంత వాళ్ళదే. రెండు రోజుల నాటి ముక్కని తాజా ముక్క ధరకి అమ్మకూడదు. కానీ నేను రాసిందేమిటి? ఇక్కడ పై బాగుండదని. అది అబద్ధం. "సోమవారం పై బాగుండదు" అని ఒక్క మాట చేర్చి ఉంటే నిజమయ్యేది. తరవాతి సంచికలో సవరణ వేయించాను. దాన్ని ఎంతమంది చదివారో దేవుడికెరుక. అప్పటినుంచి ఏ డైనర్‌కైనా మూడుసార్లు వెళ్ళనిదే రాయను. మామూలు రోజు మధ్యాహ్నం ఒకసారి, వారాంతం పొద్దున జనం క్యూలో ఉన్నప్పుడు ఒకసారి, రాత్రి బాగా పొద్దుపోయాక ఒకసారి. రాత్రి పదకొండింటికి మూసేసే చోటైతే మూసే ముందు వెళ్తాను. మూడు వేళల్లో పెనం దగ్గర మూడు వేర్వేరు చేతులు ఉంటాయి. మొదటి అట్టు చూసి వంటమనిషిని తిట్టేవాళ్ళు మన ఇళ్ళల్లోనే ఉన్నారు, ఇక్కడా అదే జరుగుతుంది.

ఇక మొదటిసారి ఏం చెప్పాలంటారా? మెనూ పన్నెండు పేజీలున్నా సరే, గ్రిల్డ్ చీజ్ సాండ్‌విచ్ చెప్పండి. రెండు రొట్టెముక్కలు, వెన్న, చీజ్. అందులో వంటవాడు దాక్కోవడానికి చోటు లేదు. బూత్‌లో (ఎదురెదురు సోఫాల మధ్య టేబుల్ ఉన్న చోట) కూర్చోకండి, కౌంటర్ ముందు స్టూలు మీద కూర్చోండి. అక్కణ్ణుంచైతే పెనం కనిపిస్తుంది.

నాకు ఈ పిచ్చి పట్టింది కూడా గ్రిల్డ్ చీజ్ దగ్గరే. 1999లో మేమంతా వై2కే పనిమీద, అంటే 2000 రాగానే కంప్యూటర్లు తేదీలు తప్పకుండా సరిచేసే పనిమీద, ఉండేవాళ్ళం. రాత్రి రెండున్నరకి పేజర్ మోగేది, ఆఫీసుకి పరుగెత్తేవాళ్ళం, పని అయ్యేసరికి ఆకలితో కళ్ళు తిరిగేవి. ఆ వేళకి హైవే పక్కన దీపాలు వెలిగేది ఒక్క డైనర్‌లోనే. ఒక రాత్రి నేనొక్కణ్ణే కౌంటర్ ముందు కూర్చున్నాను. వంటాయన బ్రష్‌తో కరిగిన వెన్న తీసుకుని పెనం మీద కాదు, రొట్టెకే అంచుల దాకా రాశాడు. రెండు ముక్కల్నీ పక్కపక్కన పరిచి రెండిటి మీదా చీజ్ వేశాడు. పక్కన నాలుగు చుక్కల నీళ్ళు చల్లి పైన ఒక స్టీలు మూత బోర్లించాడు. ఆ ఆవిరికి చీజ్ కరిగేలోగా అడుగున రొట్టె వేగుతోంది. మూత తీసి, అట్లకాడతో ఒకదాన్ని ఇంకొకదాని మీదికి మడిచినట్టు తిప్పి, ఒక్కసారి అదిమి, ఐమూలగా కోసి నా ముందు పెట్టాడు. మొత్తం నాలుగు నిమిషాలు పట్టి ఉంటుంది. ఆయన ఎవరితోనూ మాట్లాడలేదు, నా వైపు చూడనూ లేదు. అంత టెన్షన్‌లో ఉన్నవాణ్ణి నేను ఆ నాలుగు నిమిషాలూ సర్వర్ సంగతే మరిచిపోయాను.

అందుకని నా పరీక్ష ఇదే. రెండు సగాల్నీ పట్టుకుని మెల్లగా లాగండి. చీజ్ సాగాలి, కానీ జారి ప్లేటులో పడకూడదు. రొట్టె రంగు రెండు వైపులా ఒకేలా, అంచుల దాకా ఉండాలి. మధ్యలో గోధుమరంగు, చుట్టూ తెలుపు ఉంటే మంట ఎక్కువ, ఓపిక తక్కువ అని అర్థం. అమెరికన్ చీజ్ వాడారని వెక్కిరించకండి. దాంట్లో కలిపే సోడియం సిట్రేట్ లాంటి లవణాల వల్లే అది నూనె విడవకుండా కరుగుతుంది. ఈ పనికి అదే సరైంది.

రెండోసారి టర్కీ క్లబ్ (టర్కీ కోడి మాంసం పెట్టిన సాండ్‌విచ్) చెప్పండి. మూడు టోస్టులు, నాలుగు త్రికోణాలు, ఒక్కోదానికి రంగుకాగితం తోక ఉన్న పుల్ల. టర్కీ ముక్కలు గుండ్రంగా, నున్నగా, ఒకే మందంలో ఉంటే అది ప్యాకెట్‌లో వచ్చిన సరుకు. పీచు కనిపిస్తూ, ఒకటి పెద్దదీ ఒకటి చిన్నదీ అయి ఉంటే లోపల ఎవరో పక్షిని వేయించి చేత్తో కోశారన్నమాట. ఈ ఒక్క తేడాకి నేను రెండు డాలర్లు ఎక్కువిస్తాను.

రాసేటప్పుడు ఏ రోజు, ఎన్ని గంటలకి, ఏం తిన్నారు, బిల్లు ఎంత అన్నవి తప్పకుండా రాయండి. "అద్భుతం", "నోరూరింది" లాంటి మాటలు మా పత్రికలో ఇప్పటికే చాలినన్ని ఉన్నాయి.

ప్ర: బీఫ్ తిననని మీరే ఒకసారి రాశారు. మరి బర్గర్ల మీద తీర్పులెలా చెబుతున్నారు? ఇది చదివేవాళ్ళని మోసం చేయడం కాదా?
— ఫిలడెల్ఫియా నుంచి ఒక పాఠకుడు

తిన్నట్టు రాస్తే మోసమే. నేను అలా రాయను. మా అబ్బాయి తింటాడు, నేను చూస్తాను. రుచి గురించి ఉన్న వాక్యానికి ముందు "మావాడి మాట" అని ఉంటుంది, గమనించండి. ఈ ఏర్పాటు మా ఆవిడకి నచ్చదు, అది వేరే కథ.

అయితే బర్గర్ విషయంలో నోటికంటే ముందు కంటికి తెలిసేది చాలా ఉంది. ఫ్రీజర్‌లోంచి తీసిన ప్యాటీ (బన్ను మధ్య పెట్టే మాంసపు బిళ్ళ) నాణెంలా గుండ్రంగా ఉంటుంది, పెనం మీద పడగానే టక్కుమంటుంది. చేత్తో చేసిన ముద్దకి అంచులు చీలి ఉంటాయి, శబ్దం మెత్తగా మొదలవుతుంది. పలచటి బర్గర్ చేసేవాళ్ళు ముద్దని పెనం మీద వేసిన వెంటనే అట్లకాడతో గట్టిగా అదుముతారు. అప్పటికి కొవ్వు ఇంకా కరగదు కాబట్టి నష్టం లేదు, పైగా పెనానికి మొత్తం అంటుకుని చక్కగా ఎర్రబడుతుంది. ఆ తరవాత దాన్ని ముట్టుకోకూడదు. సగం ఉడికాక మళ్ళీ అదిమితే సుయ్‌మని పొగ వస్తుంది, చూడ్డానికి వీడియోలా బాగుంటుంది, కానీ ఆ సుయ్‌మన్నదే రసం. అది పెనం పక్క కాలవలోకి పోయి మావాడి ప్లేటులోకి మాత్రం చెక్క వస్తుంది. ఒక్క సాయంత్రం ఒకే వంటాయన పదకొండు బర్గర్లని అలా రెండోసారి అదమడం లెక్కపెట్టాను. మావాడు సగం తిని వదిలేశాడు. ఆ సంగతి వాడు చెప్పకముందే నేను పుస్తకంలో రాసుకున్నాను.

తరవాత బన్ను. లోపలి వైపు పెనం మీద కాల్చారా లేదా? కాల్చకపోతే మూడో కాటుకే అడుగు బన్ను తడిసి చేతికొస్తుంది. ఉల్లిపాయ పచ్చిదా, వేయించిందా? ఓక్లహోమాలో ఎల్ రీనో అనే ఊరుంది. అక్కడ సన్నగా తరిగిన ఉల్లిపాయల్ని గుప్పెడు తీసి మాంసం మీదే అదిమి రెండూ కలిపి కాలుస్తారు. మాంసం ఖరీదుగా, ఉల్లిపాయ చవగ్గా ఉన్న కష్టకాలంలో పుట్టిన పద్ధతి అది. ఇప్పుడు ఆ ఊరికి పేరే దానివల్ల. ఇక కనెక్టికట్‌లోని న్యూ హేవెన్‌లో లూయిస్ లంచ్ ఉంది, 1895 నాటిది. హాంబర్గర్ 1900లో మాదగ్గరే పుట్టిందని వాళ్ళంటారు, కాదనేవాళ్ళూ ఉన్నారు. అక్కడ ఇప్పటికీ బన్ను లేదు, టోస్టు మధ్యలో పెడతారు. చీజ్, టమాటా, ఉల్లిపాయ తప్ప ఇంకేం వేయరు. కెచప్ అడిగితే లేదంటారు. నాకు ఈ మొండితనం నచ్చుతుంది.

నేను తినేది టర్కీ బర్గర్. అది ఇంకా కష్టమైన పరీక్ష. బీఫ్ కీమా లోపల 160 డిగ్రీల ఫారెన్‌హీట్‌కి రావాలని వ్యవసాయ శాఖ చెబుతుంది, కోడి, టర్కీ అయితే 165. టర్కీలో కొవ్వు తక్కువ, అందుకని ఆ అంకె దాటి రెండు నిమిషాలు ఉంచితే పీచు పీచు అయిపోతుంది. టర్కీ బర్గర్ రసం పోకుండా పెట్టగలిగిన చోట మిగతావి కూడా బాగుంటాయని నా నమ్మకం. ఇప్పటిదాకా మావాడు ఒక్కసారే కాదన్నాడు. "నాన్నా, మీరు పెనం గురించి ఒక పేరా రాస్తారు, నా గురించి ఒక లైను రాస్తారు" అన్నది వాడి పర్మనెంట్ ఫిర్యాదు.

ప్ర: అమ్మ ఆరు నెలలు ఉండటానికి వచ్చింది. గుడ్డు కూడా ముట్టదు. పిల్లలేమో ఆదివారం డైనర్ అంటారు. ఆవిణ్ణి ఇంట్లో వదిలి వెళ్ళడం నాకు ఇష్టం లేదు. అక్కడ ఆవిడ ఏం తినగలదు?
— పార్సిపనీ నుంచి ఒక పాఠకురాలు

తీసుకెళ్ళండి, కానీ మెనూలో "వెజిటబుల్" అన్న మాట చూసి మోసపోకండి. వెజిటబుల్ సూప్ చాలాచోట్ల బీఫ్ స్టాక్‌తో (ఎముకలు ఉడికించిన నీళ్ళతో) చేస్తారు. న్యూజెర్సీ వాళ్ళు ప్రాణం పెట్టే డిస్కో ఫ్రైస్ (చీజ్, గ్రేవీ వేసిన బంగాళాదుంప వేపుడు) మీద పోసే గోధుమరంగు గ్రేవీ కూడా సాధారణంగా అలాంటిదే. మామూలు ఫ్రైస్ ఏ నూనెలో వేయించారో అడగండి, చికెన్ టెండర్లు కూడా అందులోనే మునిగి ఉంటాయి. వెజ్జీ బర్గర్ ప్యాటీలు కొన్నిట్లో గుడ్డు తెల్లసొన ఉంటుంది, పైగా పక్కన బేకన్ చిటపటలాడుతున్న అదే పెనం మీద కాలుస్తారు. పాన్‌కేకుల పిండిలో గుడ్డు సరేసరి. టేలర్ హామ్ అనీ, దక్షిణ న్యూజెర్సీలో పోర్క్ రోల్ అనీ రెండు పేర్లతో పిలిచేది ఒకటే వస్తువు, పంది మాంసం. "టేలర్" అన్నది మనిషి పేరు. దర్జీ సంగతేమో అనుకుని మా మావయ్య ఒకసారి ఆర్డర్ చేయబోయాడు.

మరి ఏం పెట్టించాలి? గ్రిల్డ్ చీజ్‌లో టమాటా వేసి, శుభ్రమైన గిన్నెలాంటి పెనంలో విడిగా చేయమని అడగండి. రద్దీ లేని వేళైతే కాదనరు. కాల్చిన బంగాళాదుంప, వెన్న. ఓట్‌మీల్, పైన అరటిపండు ముక్కలు. ఇంగ్లిష్ మఫిన్ టోస్టు, జామ్. ఇక్కడ చాలా డైనర్లు గ్రీకు కుటుంబాలవి కాబట్టి గ్రీక్ సలాడ్ దాదాపు అంతటా దొరుకుతుంది, చేపలు (ఆంచోవీలు) తీసేయమని చెప్పండి. పాలకూర పై, అదే స్పనకోపిటా, చూడ్డానికి బాగుంటుంది కానీ లోపల కూరలో తరచు గుడ్డు కలుపుతారు. రైస్ పుడ్డింగ్ చూడగానే ఆవిడ పరమాన్నం అంటారు. దాంట్లోనూ గుడ్డు సంగతి అడిగి తెలుసుకోండి, వేయని చోట్లూ ఉన్నాయి.

ఒకటి గుర్తుపెట్టుకోండి. "వెజిటేరియన్ ఉందా" అని అడిగితే వెయిట్రెస్ ఉందనే అంటుంది, ఆమె ఉద్దేశంలో ఉంది కూడా. "గుడ్డు పడదు, మాంసం తగలకూడదు" అని విడమరిచి చెబితే లోపలికెళ్ళి వంటాయన్ని కనుక్కుని వస్తుంది. మా అమ్మ వచ్చినప్పుడు అలా లోపలికి వెళ్ళొచ్చిన వెయిట్రెస్‌ని మా అమ్మ చేయి పట్టుకుని "చల్లగా ఉండు తల్లీ" అంది. ఆమెకి ఏమర్థమైందో గానీ టోస్టు ఇంకో రెండు ముక్కలు తెచ్చి పెట్టింది.

ప్ర: డైనర్లన్నీ పాత రైలు పెట్టెలేనట కదా?
— చెర్రీ హిల్ నుంచి ఒక విద్యార్థి

కాదు బాబూ. కొన్ని పాత ట్రాముల్ని మార్చి పెట్టుకున్న మాట నిజమే కానీ, ఎక్కువభాగం ఫ్యాక్టరీలో డైనర్లుగానే కట్టినవి. మొదలు మాత్రం బండే. 1872లో రోడ్ ఐలాండ్‌లోని ప్రావిడెన్స్‌లో వాల్టర్ స్కాట్ అనే ఆయన ఒక గుర్రబ్బండిలో సాండ్‌విచ్చులు, ఉడికించిన గుడ్లు, పై ముక్కలు, కాఫీ పెట్టుకుని పత్రికాఫీసు ముందు రాత్రిపూట అమ్మాడు. హోటళ్ళన్నీ మూసేశాక రాత్రి డ్యూటీ వాళ్ళకి తిండి దొరికేది అక్కడే. తరవాత మసాచుసెట్స్‌లోని వూస్టర్‌లో, మా న్యూజెర్సీలో వీటిని తయారుచేసే కంపెనీలు వెలిశాయి. మొత్తం గదిని కట్టి రోడ్డు మీదో రైలు మీదో తరలించాలి కాబట్టి పొడుగ్గా ఇరుగ్గా చేసేవాళ్ళు. రైలు పెట్టె పోలిక అక్కణ్ణుంచి వచ్చింది. రోడ్ ఐలాండ్‌లోనే పోటకెట్ అనే ఊళ్ళో ఉన్న మోడర్న్ డైనర్ 1978లో జాతీయ చారిత్రక స్థలాల జాబితాలోకి ఎక్కింది. డైనర్లలో ఆ గౌరవం మొదట దక్కింది దానికే. ముక్కు రైలింజన్‌లా ఉంటుంది, కాబట్టి నీ అనుమానంలో నీ తప్పేమీ లేదు.

ప్ర: "హోమ్‌మేడ్ పై" అని ప్రతి డైనర్ బోర్డు మీదా ఉంటుంది. నిజంగా అక్కడే చేశారో, బయటినుంచి తెప్పించారో తెలుసుకోవడం ఎలా?
— మేరీలాండ్ నుంచి ఒక పాఠకురాలు

ఈ ప్రశ్న కోసమే ఎదురుచూస్తున్నాను.

లోపలికి అడుగు పెట్టగానే క్యాష్ కౌంటర్ పక్కన తిరిగే అద్దాల బీరువా ఉంటుంది చూడండి. దాని ముందు ఒక నిమిషం నిలబడండి. అన్ని పైల అంచు నొక్కులూ ఒకే అచ్చులో పోసినట్టుంటే అవి పెట్టెలో వచ్చినవి. కజ్జికాయ అంచు మీ అమ్మగారు చుట్టినదీ మీరు చుట్టినదీ తేడా తెలుస్తుంది కదా, అలాగే మనిషి బొటనవేలు నొక్కిన అంచు ఒకచోట లోతుగా ఒకచోట తేలిగ్గా ఉంటుంది. ఆపిల్ పై అయితే కోసిన వైపు చూడండి. పైపొరకీ లోపలి పండుకీ మధ్య ఖాళీ ఉందా? పచ్చి ఆపిల్ ముక్కలు ఓవెన్‌లో ఉడికి కుంగుతాయి, అప్పటికే గట్టిపడిన పైపొర అక్కడే ఉండిపోతుంది. ఆ గూడు లోపం కాదండీ, పచ్చి పండుతో మొదలుపెట్టారనడానికి ఆనవాలు. డబ్బాలోంచి తీసిన పాకం జెల్లీలా మెరుస్తుంది, కోసినా గోడలా నిలబడుతుంది. ఇంట్లో చేసినది కొంచెం కారుతుంది.

తరవాత అడగాల్సిన ప్రశ్న. "పై బాగుంటుందా" అని అడగొద్దు, బాగుండదని ఏ వెయిట్రెస్ చెబుతుంది? "ఈరోజు ఇక్కడ కాల్చినవి ఏవి?" అని అడగండి. ఆమె ఆలోచించకుండా రెండు పేర్లు చెప్పిందంటే ఆ రెండే తినండి. "అన్నీ ఫ్రెష్" అందంటే కాఫీతో సరిపెట్టుకోండి.

ముక్క వచ్చాక ఫోర్కుతో మెల్లగా ఎత్తి అడుగు చూడండి. పక్క టేబుల్ వాళ్ళు వింతగా చూస్తారు, చూడనీయండి. అడుగు గోధుమరంగులో ఉండాలి. పాలిపోయి ఉంటే ఓవెన్ అడుగు వేడి చాలలేదు. వెచ్చగా కావాలంటే మైక్రోవేవ్ వద్దని, ఓవెన్‌లో పెట్టమని చెప్పండి. మైక్రోవేవ్‌లో పండులోని నీరు ఆవిరై పొరలోకి ఎక్కి, పెళుసుగా ఉన్నదాన్ని మెత్తబరుస్తుంది. పావుగంట ఆగాల్సి వస్తే ఆగండి. శాకాహారులైతే పొరలో వెన్న వాడారా, పందికొవ్వు వాడారా అన్నది కూడా అడగాలి. పాతకాలం వాళ్ళు పందికొవ్వుతో చేసిన పొరే గొప్పదంటారు, పొరలు విడిపోయే మాట నిజమే. క్రీమ్ పైలలో జెలటిన్ ఉండొచ్చు, అది జంతువుల చర్మం, ఎముకల నుంచి తీసేది.

కీ లైమ్ అనే చిన్న నిమ్మకాయలతో చేసే కీ లైమ్ పై ఆకుపచ్చగా మెరుస్తుంటే దూరంగా జరగండి. కీ లైమ్ రసం లేత పసుపు, దాంట్లో కలిపేది గుడ్డు పచ్చసొన, కండెన్స్‌డ్ మిల్క్. అందులో ఆకుపచ్చ ఎక్కణ్ణుంచి వస్తుంది, సీసాలోంచి తప్ప? ఫ్లోరిడా వాళ్ళు 2006లో దాన్ని రాష్ట్ర పైగా ప్రకటించుకున్నారు. వెర్మాంట్ వాళ్ళు ఇంకో అడుగు ముందుకేశారు. 1999లో ఆపిల్ పైని రాష్ట్ర పైగా చేస్తూ, దానితోపాటు చల్లటి పాలు గానీ, కనీసం అర ఔన్సు చెడ్డార్ చీజ్ ముక్క గానీ, పెద్ద వనిల్లా ఐస్‌క్రీమ్ ముద్ద గానీ ఇవ్వడానికి "చిత్తశుద్ధితో ప్రయత్నించాలి" అని చట్టంలోనే రాసుకున్నారు. తీపి మీద చీజ్ ఏమిటని నేనూ మొదట మొహం చిట్లించాను. ఆవకాయన్నంలో వెన్నపూస కలుపుకునేవాడికి ఆ హక్కు లేదని ఒక ముక్క తిన్నాక అర్థమైంది.

ప్ర: నేను రివ్యూలు రాస్తానని తెలిసి ఒక డైనర్ ఓనర్ "ఐదు స్టార్లు ఇవ్వండి, ఈ నెలంతా మీ బ్రేక్‌ఫాస్ట్ నాది" అన్నాడు. మంచి మనిషి, వంట కూడా నిజంగా బాగుంటుంది. తప్పేముంది?
— పేరు వద్దన్నారు

వంట బాగుంటే ఐదు స్టార్లు ఊరికే ఇవ్వొచ్చుగా? ఫెడరల్ ట్రేడ్ కమిషన్ నకిలీ రివ్యూల మీద తెచ్చిన రూలు 2024 అక్టోబరు 21 నుంచి అమల్లో ఉంది. మంచిగానే రాయాలన్న షరతు మీద వ్యాపారాలు డబ్బో మరొకటో ఇచ్చి రివ్యూలు రాయించుకోకూడదు. కాబట్టి ఆ బ్రేక్‌ఫాస్ట్ వల్ల చిక్కుల్లో పడేది మీకంటే ముందు ఆ మంచి మనిషే. ఆయనకి ఈ సంగతి తెలియకపోవచ్చు, చెప్పండి. ఇక షరతు లేకుండా ఏదైనా ఉచితంగా తిన్నా, ఆ ముక్క రివ్యూలో రాయాలి. నేనైతే బిల్లు కట్టేస్తాను. ఒకచోట బలవంతంగా బ్లూబెర్రీ పై ప్యాక్ చేసి ఇచ్చారు. తీసుకున్నాను, తిన్నాను, ఆ చోటు గురించి మాత్రం ఇప్పటిదాకా రాయలేదు. పై చాలా బాగుంది, అదే నా బాధ.

ప్ర: సర్వీసు బాగా లేకపోతే టిప్ తగ్గించొచ్చా?
— స్టాంఫర్డ్ నుంచి ఒక పాఠకుడు

వంట పాడైతే వెయిట్రెస్ టిప్ కోయకండి, పెనం దగ్గర ఉన్నది ఆమె కాదు. టిప్ వచ్చే ఉద్యోగాలకి ఫెడరల్ చట్టం ప్రకారం యజమాని నేరుగా ఇవ్వాల్సిన కనీస జీతం గంటకి 2 డాలర్ల 13 సెంట్లు. 1991 నుంచి అదే అంకె. చాలా రాష్ట్రాల్లో అంతకంటే ఎక్కువ ఉంది కానీ, అక్కడా ఇంటికి పట్టుకెళ్ళేది ఎక్కువగా టిప్పులే. నేను 20 శాతం ఇస్తాను. కాఫీ ఒక్కటే తాగి గంటసేపు స్టూలు ఆక్రమించిన రోజు శాతాలు చూడను, ఐదు డాలర్లు పెట్టి లేస్తాను. ఆమె నిజంగా దురుసుగా ఉంటే 15. అంతకంటే తక్కువ పెట్టిన రోజు నాకు గుర్తులేదు.

ప్ర: మీరు స్టార్లు ఎందుకు ఇవ్వరు?
— ఇదే ప్రశ్న నలుగురు అడిగారు

గ్రిల్డ్ చీజ్‌కి ఐదు, సోమవారం పైకి ఒకటి, వెయిట్రెస్‌కి ఆరు, బాత్‌రూమ్‌కి సున్నా వచ్చే చోటుకి సగటు మూడు వేస్తే మీకేం తెలుస్తుంది?

ప్ర: మీ పేజీ చదివి మావారిని డైనర్‌కి తీసుకెళ్ళాను. సాండ్‌విచ్, కాఫీ, పై, టిప్ కలిపి ఒక్కొక్కరికి 27 డాలర్లయింది. "ఈ డబ్బుకి బిర్యానీ వచ్చేది, రేపటికి కూడా మిగిలేది" అని ఇప్పటికీ దెప్పుతున్నారు. ఏం చెప్పమంటారు?
— ప్లెయిన్స్‌బరో నుంచి ఒక పాఠకురాలు

మీవారి లెక్కలో తప్పులేదమ్మా. నాలుగేళ్ళ కిందటికీ ఇప్పటికీ నా పుస్తకంలో ధరలు చూస్తే నాకూ గుండె కలుక్కుమంటుంది. గుడ్ల ధర పెరిగినప్పుడు ఒకచోట మెనూ మీద తెల్ల స్టిక్కర్లు అంటించి కొత్త అంకెలు రాశారు, దించాక స్టిక్కర్లు మాత్రం ఊడలేదు.

కానీ మీరు ఆయన్ని రాత్రి భోజనానికి తీసుకెళ్ళి ఉంటారు. ఆ వేళకి ఆయన కడుపు బిర్యానీ కోసం తయారై ఉంటుంది, దానితో టర్కీ క్లబ్ ఏం పోటీ పడుతుంది? ఈసారి శనివారం పొద్దున ఆరున్నరకి తీసుకెళ్ళండి. కౌంటర్ ముందు రెండు స్టూళ్ళు, రెండు కాఫీలు, ఒక గ్రిల్డ్ చీజ్ ఇద్దరికీ, తాజాగా ఉంటే ఒక పై ముక్క. టిప్‌తో కలిపి 27 లోపే తేలుతుంది. ఆ వేళకి బిర్యానీ వాళ్ళు ఇంకా బియ్యం కూడా నానబెట్టి ఉండరు. బిల్లు ఆయన్నే కట్టమనండి.